ఆదివారం మూడింటికి స్పందన

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. బస్సులో ఆ సామెత నడవదు. పదిహేనేళ్లు కండక్టరుగా, ఎనిమిదేళ్లు చెకింగులో ఆర్టీసీ బస్సులు ఎక్కి దిగినదాన్ని, నా మాట నమ్మండి. "టికెట్" అని చెయ్యి చాపగానే హడలిపోయి పై జేబు, కింద జేబు, పర్సు, సెల్లు కవరు అన్నీ తడుముకునేవాడి దగ్గర టికెట్ ఉంటుంది. లేనివాడు తడుముకోడు. నింపాదిగా కిటికీలోంచి బయటికి చూస్తాడు, నారాయణగూడ ఫ్లైఓవరు ఆ రోజే కట్టారన్నట్టు. ఇప్పుడు ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది కానీ జీరో టికెట్ చేతిలో ఉండాల్సిందే, అక్కడా ఇదే సూత్రం. డిపోలో కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సూత్రం నేనే చెబుతాను. ఇంట్లో కూడా వందసార్లు చెప్పి ఉంటాను.

కిందటేడు ఎండాకాలం మా ఆయన కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

ఆయన పేరు జగదీశ్వర్. మా ఇల్లు చిక్కడపల్లి గల్లీలో, ఆయన జిరాక్స్ షాపు అశోక్‌నగర్‌లో. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఆ షాపు ముందు పొద్దుటి నుంచి వరుసకడతారు. ఎవరో రాసిన నోట్సును ఇంకెవరికో నకలు తీసి, స్పైరల్ చుట్టి ఇవ్వడమే ఆయన పని. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన సొంతంగా ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు. మాటలూ అంతే, కొలిచి పోసినట్టు ఉంటాయి. మా అమ్మాయి అనూహ్య ఉద్యోగమని కరీంనగర్ వెళ్లాక ఇంట్లో మాట్లాడేది నేను, తలూపేది ఆయన. అన్నీ ఒద్దికగా చేస్తాడు. గడప దగ్గర నా చెప్పులు ఎలా విడిచినా తెల్లారేసరికి జతచేసి ముందుకు తిప్పి పెడతాడు, నా డ్యూటీకి ఆలస్యం కాకూడదని. బయటి నుంచి రాగానే జేబుల్లో ఉన్నవన్నీ తీసి ఫ్రిజ్ మీద పెడతాడు. పార్కింగ్ చీటీ, మందుల షాపు చీటీ, బస్సెక్కితే బస్సు టికెట్. ఇంత శుభ్రమైన అలవాటు ఎంతమంది మగవాళ్లకుంటుందని మా డిపోలో నేను గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆదివారం ఆయనది ఒకటే పద్ధతి. మధ్యాహ్నం మటన్ కూరతో అన్నం తిని, కూలరు ముందు చాప పరచుకుని, సాయంత్రం ఐదింటిదాకా గురక. ఏప్రిల్ మొదటి ఆదివారం తిని చెయ్యి కడుక్కుని, చాప దించలేదు. ఇస్త్రీ చొక్కా దించాడు.

"ఏడికి?" అన్నాను.

"ఇప్పుడే వస్త."

"ఏడికి అని అడుగుతున్న."

అప్పుడు చూశాడు కిటికీలోంచి. ఎదురింటి గోడ తప్ప అక్కడ చూడ్డానికేమీ లేదు. "గీడనే," అని చెప్పి బండి తీశాడు. ఆరున్నరకు వచ్చాడు. జేబుల్లోంచి ఫ్రిజ్ మీదికి ఏమీ రాలేదు. మూడున్నర గంటలు బయట తిరిగిన మనిషి జేబులో ఒక్క చీటీ కూడా లేకపోవడమేమిటి? నాకు అక్కడే పుట్టింది అనుమానం.

రెండో ఆదివారం తలుపుకు అడ్డంగా నిలబడి అడిగాను.

"సినిమాకు పోతున్న," అన్నాడు.

నేను నవ్వాను. పెళ్లయిన కొత్తలో క్రాస్ రోడ్స్‌లో మొదటాట సినిమాకు తీసుకుపోయి, పేర్లు పడుతుండగానే నిద్రపోయిన మనిషి ఈయన. ఫైటింగులో కూడా మెలకువ రాలేదు. ఆ తర్వాత నేను డిపో వాళ్లతోనే సినిమాలకు పోయాను.

"ఏం సినిమా?"

"రోదసి సినిమా. అంటే అంతరిక్షంల జరుగుతది."

"ఏమైతది అండ్ల?"

చాలాసేపు ఆలోచించాడు. "ఏం కాదు," అన్నాడు.

"ఏం కాకుంటే మూడు గంటలు ఏం చూస్తరు?"

"గదే చూస్తం."

చెకింగులో ఇలాంటి జవాబులు చాలా విన్నాను. టికెట్ ఏదంటే, మేడం ఇప్పుడే ఇక్కడే ఉండె అంటారు. అబద్ధం చెప్పేవాడైనా కాస్త కుదురైన అబద్ధం చెబుతాడు. ఏమీ జరగని సినిమాకు ఇస్త్రీ చొక్కా వేసుకుపోతున్నానని చెప్పే మగవాణ్ని నేను ఎక్కడా చూడలేదు.

అది మొదలు ఆయన వేషాలన్నీ నాకు కళ్లబడటం మొదలైంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి బాత్రూంలో నిలబడి ఉన్నాడు. కూలరులో పోయడానికి నల్లా కింద బకెట్ పెట్టి, దాన్నే చూస్తున్నాడు. బకెట్ నిండి నీళ్లు పొర్లి కాళ్ల మీదుగా పోతున్నాయి.

"ఏందిది? నీళ్లన్ని పోతున్నయి!" అని నేను నల్లా కట్టేశాను.

"ప్రభా, నిండేకొద్ది చప్పుడు మారుతది చూడు," అన్నాడు. "ముందు బొంగురుగుంటది, నిండేటప్పటికి సన్నగైతది. ఇన్నేండ్ల సంది నీళ్లు పడుతున్న, ఎన్నడు వినలే."

ఆయన కళ్లలో వెలుగు చూసి నా గుండెల్లో రాయి పడింది. యాభై ఆరేళ్ల మనిషికి నల్లా చప్పుడులో సంగీతం వినిపిస్తోందంటే దానికి కారణమేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పడానికి మాత్రం మా పై అంతస్తు నాగశ్రీ ఉంది. వాళ్లది భీమవరం వైపు, పాతికేళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మామిడికాయలు తరగడానికి సాయం వచ్చి, నా మొహం చూసి కత్తిపీట పక్కన పెట్టింది.

"చెప్పండి వదినగారూ, మనసులో పెట్టుకోకండి."

చెప్పాను. ఇస్త్రీ చొక్కా, ఏమీ జరగని సినిమా, బకెట్. ఆవిడ బకెట్ దగ్గర బుగ్గ మీద వేలు వేసుకుంది.

"అన్నయ్యగారు దేవుడులాంటి మనిషండీ, నేను ఏమీ అనను. కానీ మగాడు ఊరికే నీళ్లు చూస్తూ నిలబడడండీ. నేనైతే ముందు ఫోను చూస్తాను."

నేను అప్పటికే బండి రీడింగ్ చూస్తున్నానని ఆవిడకు చెప్పలేదు. ఆదివారం వెళ్లేముందు, వచ్చాక చూశాను. రెండు కిలోమీటర్లు కూడా తిరగలేదు. అంటే ఎవరో కానీ దగ్గర్లోనే ఉంది.

ఫోను మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు చూశాను. దానికి తాళం లేదు. నా కంట్లో పడకుండా దాచేది ఏమీ లేదని ఇన్నేళ్లూ తాళం పెట్టలేదు, ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. కృష్ణచైతన్య అని ఎవరో కుర్రాడు పంపిన మెసేజీలు ఉన్నాయి. ఆయన షాపు పైనున్న కోచింగ్ సెంటరులో చదువుకునే పిల్లాడని పేరు పక్కన రాసిపెట్టుకున్నాడు మా ఆయన.

"అంకుల్, ఆదివారం మూడింటికి సినిమా, తర్వాత స్పందన. పైన హాల్లనే. ఏసీ వేసి ఉంచుతం. బయట చెప్పకండి, సీట్లు తక్కువున్నయి."

దాని కింద ఇంకొకటి.

"మొన్నటి స్పందన ఇంకా మనసుల నుంచి పోతలేదు అంకుల్."

దాని కింద మా ఆయన జవాబు. "నాకు గూడ."

నేను ఫోను యథాస్థానంలో పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డాను. మా డిపోలోనే ఇద్దరు స్పందనలున్నారు, ఒకమ్మాయి మొన్ననే చేరింది. పాతికేళ్లలోపు పిల్లలకు అందరూ పెట్టే పేరే అది. పాతికేళ్లా! పైగా ఒక్కడికి కాదు, ఆ కుర్రాడి మనసులోనూ అదే, ఈయన మనసులోనూ అదే. ఏసీ కూడా వేసి ఉంచుతారట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ రోజు మధ్యాహ్నమే రెండు చీరలు, తువ్వాలు, బీపీ మాత్రలు సంచిలో సర్ది గ్యాసు సిలిండరు వెనక పెట్టాను. కవాడిగూడలో మా అన్న ఇల్లుంది. ఆ స్పందన మొహం ఒక్కసారి కళ్లారా చూస్తాను, చూసిన సాయంత్రమే ఈ ఇంటి గడప దాటుతాను, ఇరవై ఎనిమిదేళ్ల కాపురానికి ఓ దండం పెట్టేస్తాను. ఇదీ నా లెక్క.

ఆయన్ను మాత్రం ఏమీ అడగలేదు. చెకింగుకు పోయేవాళ్లు ముందు చెప్పి పోరు. ఎవరూ అనుకోని స్టాపులో ఎక్కాలి.

మే నెల రెండో ఆదివారం డ్యూటీ ఉందని చెప్పి పొద్దున్నే బయటపడ్డాను. నిజంగానే మధ్యాహ్నందాకా డ్యూటీ చేశాను. మూడుంపావుకు అశోక్‌నగర్‌లో దిగాను. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆయన షాపు షట్టరు దించి ఉంది, పక్కనే బండి. మెట్లెక్కాను. పైన హాలు తలుపు దగ్గర చెప్పుల కుప్ప, లోపల తివాచీ పాడవుతుందని కాబోలు. నా నీలం పట్టీల చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు తన్ని విడిచాను. సన్నగా, గడ్డంతో ఒక కుర్రాడు తలుపు కొంచెం తెరిచి తల బయటపెట్టాడు. వాడే కృష్ణచైతన్య అనుకున్నాను.

"నమస్తే అమ్మా. స్పందనకా?"

"అవ్, స్పందన కోసమే వచ్చిన. ఏడుంది?"

"జర ఓపిక పట్టాలె అమ్మా, ముందు సినిమా. అయినంక అందరి స్పందన ఉంటది."

"అందరి స్పందననా!" అన్నాను.

"అవునమ్మా. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు."

నేను ఆ పిల్లాణ్ని కొట్టకపోవడం వాడి అదృష్టం. వాడు మాత్రం ఎంతో మర్యాదగా ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. "సినిమాల మాటలు తక్కువుంటయి, కథ తెలుగుల రాసినం, సెల్లు వెలుగుల చూసుకోండి," అని వెనక వరుసలో కుర్చీ చూపించి వెళ్లిపోయాడు.

హాలు చీకటి. కళ్లు అలవాటుపడ్డాక లెక్కపెట్టాను, పదిహేనుమంది. ఎక్కువమంది పరీక్షల పిల్లలు, ఆడపిల్లలు నలుగురు, ఒక పంచె కట్టుకున్న పెద్దాయన. ముందు నుంచి రెండో వరుసలో, గోడ వారగా, మా ఆయన వంగిన భుజాలు. ఆయనకు అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. నలుగురు ఆడపిల్లలనూ ఒక్కొక్కరినే చూశాను. ఎవరూ ఆయనవైపు తిరగలేదు. ఆయనా తిరగలేదు. తెర వైపే చూస్తున్నాడు, నిద్రపోకుండా!

సరే, అంతగా ఏం చూస్తున్నాడో చూద్దామని నేనూ చూశాను. తెర మీద ఒక గుండ్రటి గది. ఒక మనిషి బల్ల తుడుస్తున్నాడు. తుడిచాడు, తుడిచాడు, మా నాగశ్రీ ఇల్లంతా కడిగేంతసేపు ఆ ఒక్క బల్లనూ తుడిచాడు. కాగితంలో కథ చదివాను. ఎక్కడో దూరంగా ఒక చందమామ లాంటి దాని మీద ఈ మనిషి ఒక్కడే ఉంటాడు. చాలాకాలం కిందట ఒక ఓడ అక్కడి నుంచి ఆకాశంలోకి పోయింది. రోజూ ఒకసారి మైకు ముందు కూర్చుని "ఉన్నారా?" అని అడగడం అతని ఉద్యోగం. ఆ మాట అక్కడికి చేరి జవాబు తిరిగి రావడానికి నలభై ఏళ్లు పడుతుంది. అంటే తన ప్రశ్నకు జవాబు తను వినడు, తన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడు వింటాడు. మా ఆయన అన్నది నిజమే, ఏమీ జరగడం లేదు. బల్ల తుడుస్తాడు, కప్పు కడుగుతాడు, అడుగుతాడు, పడుకుంటాడు.

సినిమా సగంలో మా ఆయన లేచాడు. నేను కొంగు నెత్తిమీదికి లాక్కుని కుర్చీలో ముడుచుకున్నాను. తలుపు తెరిచి బయటికి పోయాడు. వెళ్లాడంటే ఆ స్పందన దగ్గరికే అనుకుని, లెక్కపెడుతూ కూర్చున్నాను. రెండు మూడు నిమిషాల్లో తిరిగొచ్చి, నా వైపు చూడకుండా తన చోట కూర్చున్నాడు. ఆడపిల్లలు నలుగురూ కదల్లేదు. నా లెక్క కుదరలేదు.

ఇక చేసేది లేక మళ్లీ తెర చూశాను, కానీ ఈసారి చూసిన తీరు వేరు. ఆ మనిషిని బస్సెక్కిన మనిషిని చూసినట్టు చూశాను. ఎందుకో ఇతను ఏదో దాస్తున్నాడనిపించింది. ఏం చేస్తున్నాడు, చేతులెక్కడున్నాయి, దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నాడు. నేను లెక్క మొదలుపెట్టిన మొదటి రోజు ఒక కప్పు కడిగి గట్టు మీద బోర్లించాడు. రెండో రోజు ఒక కప్పు. మూడో రోజూ, నాలుగో రోజూ ఒకటే. ఐదో రోజు గట్టు మీద రెండు కప్పులున్నాయి. నేను ముందుకు వంగాను. ఒక్కడే ఉండేచోట రెండో కప్పెందుకు? కెమెరా దాని మీద ఆగలేదు, మామూలుగా దాటిపోయింది. నా పక్కవాడు ఆవలించాడు. దొరికాడు దొంగ అనుకున్నాను నేను. అక్కడి నుంచి సినిమా అయ్యేదాకా నాకు రెప్ప పడలేదు.

అయ్యాక ముందువైపు ఒక్క లైటు వేశారు, వెనక చీకటి అలాగే ఉంది. కృష్ణచైతన్య లేచి, "ఇప్పుడు స్పందన. ఎవరు ముందు?" అన్నాడు. పంచె పెద్దాయన చెయ్యెత్తి, "వీరరాఘవరావు మాట్లాడుతున్నానండి," అని మొదలుపెట్టి, ఈ చిత్రం తనకు ఏమీ అర్థం కాలేదనీ, అయినా పాడైపోయిన తన రేడియో గుర్తొచ్చిందనీ ఐదు నిమిషాలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకమ్మాయి స్పందన. తర్వాత ఒక కుర్రాడి స్పందన.

స్పందన అంటే మనిషి కాదు. ఇంగ్లీషులో అయితే పేరుకు పెద్దక్షరం వేస్తారు, మనిషో మాటో తెలుస్తుంది. మన తెలుగులో ఆ సదుపాయం లేదు. నెల రోజులు నేను ఒక మాటను అనుమానించాను, దాని వయసు కూడా కట్టాను. సిలిండరు వెనక సంచి గుర్తొచ్చి నాకు నేనే నవ్వుకోబోయాను. అంతలో కృష్ణచైతన్య, "జగదీశ్వర్ అంకుల్," అని పిలిచాడు.

మా ఆయన చొక్కా జేబులోంచి కాగితం తీసి, లైటు కింద నిలబడి చదివాడు. ఆయన గొంతు అంత సేపు నేను ఎప్పుడూ వినలేదు.

"మా షాపుల మెషిన్ నుంచి ఒక కాగితం వచ్చినంక, ఇంకొకటి వచ్చేలోపట జరంత టైం ఉంటది. ముప్పై ఏండ్లల ఆ టైంను నేనెన్నడు చూడలే. ఈ సినిమాలు చూడవట్టినంక చూస్తున్న. ఈ సినిమాల ఆయన రోజు అడుగుతడు, ఉన్నరా అని. జవాబు రాదని తెల్సు. అయినా కోపం లేకుంట అడుగుతడు. నాకు గా అడిగే తీరు మంచిగనిపిచ్చింది."

కాసేపు ఆగాడు. కాగితం చేతిలోనే ఉంది.

"మా ఇంట్ల గూడ రోజు ప్రశ్న వస్తది. జవాబు నా దగ్గర ఉంటది. ఉన్నా గాని నాలుగు జేబులు తడుముకుంట. టికెట్ ఉన్నోడే తడుముకుంటడని మా ఇంటామె అంటది. నిజమే. కాని ఇరవై ఎనిమిదేండ్ల సంది తడుముకుంటనే ఉన్న. ఈ మధ్యల కిటికీ చూసుడు నేర్చుకున్న."

పిల్లలు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

"ఈడ ఎవ్వరు టికెట్ అడగరు. అందుకే వస్తున్న. అంతే."

చప్పట్లు కొడుతుండగానే నేను లేచాను. సిగ్గేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఇంటి మాట పదిహేనుమంది పిల్లల ముందు పెడతాడా! నా మొహాన అంటే నేను పడనా? ఆ రెండో ప్రశ్నకు జవాబు నాకు మెట్ల దగ్గరకు రాకముందే తెలిసిపోయింది. పడను. ఒక్కనాడూ పడలేదు. తలుపు బయట చెప్పులు వెతుక్కునే పని లేకుండా కాళ్లకు దొరికాయి, తొడుక్కుని గబగబా దిగి చిక్కడపల్లిదాకా నడిచే వచ్చాను. ఆయన వచ్చేలోపు సంచిలో చీరలు బీరువాలో పెట్టేశాను.

ఆరున్నరకు వచ్చాడు. నేను వంటింటి గడపలో నిలబడి చూశాను, రోజూ చూసేదే, మొదటిసారి చూసినట్టు. గుమ్మం దాటగానే ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పెన్ను, రుమాలు, ఒక మందుల చీటీ తీసి ఫ్రిజ్ మీద వరసగా పెట్టాడు. చీటీ మీద అక్షరాలు నా వైపు తిప్పి పెట్టాడు. శుభ్రమైన అలవాటట! ఇన్నేళ్లూ అడక్కముందే టికెట్ చూపిస్తున్నాడు ఆ మనిషి.

"జేబులనే ఉండనియ్యరాదు," అన్నాను.

నా మొహంలోకి చూసి, "ఏంది?" అన్నాడు.

"ఏం లే. చాయ్ పెడుతున్న."

రెండు రోజుల తర్వాత మెట్ల మీద నాగశ్రీ పట్టుకుంది. "ఏమైందండీ, ఆ స్పందన ఎవరో తేలిందా?"

"తేలింది," అన్నాను. "మంచిదే. జర మాటలు ఎక్కువ."

బుధవారం సాయంత్రం ఆయన ఫ్రిజ్ మీద ఒక చిన్న పుస్తకం పెట్టాడు. ఆ సినిమా పిల్లలు వాళ్ల మాటలన్నీ ఆదివారం కాగితాల మీద ఇచ్చిపోతే, టైపు చేసి, అచ్చు తీసి, పిన్ను కొట్టేది ఈయనే. అట్ట మీద పెద్ద అక్షరాలతో స్పందన అని ఉంది. ఇన్ని వారాల్లో ఆ పుస్తకం ఇంటికి రావడం అదే మొదలు. ఆయన కూలరుకు నీళ్లు పట్టడానికి వెళ్లగానే తీసి చూశాను. జగదీశ్వర్ అన్న పేరు కింద మెషిన్ సంగతి ఉంది. కాగితానికి, కాగితానికి మధ్య టైం ఉంది. కోపం లేకుండా అడగడం ఉంది. గా అడిగే తీరు మంచిగనిపిచ్చింది, అక్కడితో అయిపోయింది.

పేజీ తిప్పాను. మళ్లీ వెనక్కి తిప్పాను. జేబులు లేవు, టికెట్ లేదు, కిటికీ లేదు, మా ఇంటామె లేదు. కాగితం మీదున్నది అక్షరం వదలకుండా దింపే మనిషి ఈయన, కాబట్టి అది ఆ కాగితం మీద రాసి లేదు. రాయని మాటను అందులో చదువుతున్నట్టు పట్టుకుని నిలబడి చెప్పాడు.

ఎందుకు చెప్పాడు? అప్పుడు గుర్తొచ్చాయి నా చెప్పులు. లోపలికి పోయేటప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు తన్ని విడిచాను. బయటికొచ్చేసరికి రెండూ జతగా, మెట్ల వైపు తిరిగి ఉన్నాయి. నేను కాళ్లు దూర్చి వచ్చేశాను. సినిమా సగంలో ఆయన లేచి బయటికి పోయాడు. రెండు మూడు నిమిషాలు.

కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఆ కృష్ణచైతన్య కుర్రాడు ఒద్దికైనవాడు, వాడే సర్ది ఉండొచ్చు. చీకట్లో వెనక వరుస కనబడదు. రెండు వైపులా సాక్ష్యం ఉంది. ఇలాంటి కేసు నా చేతికి చిక్కితే ఒక్క ప్రశ్నతో తేల్చేస్తాను.

పుస్తకం పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. ఆయన బకెట్ ఎత్తి కూలరులో పోస్తున్నాడు, వీపు నా వైపుంది. నన్ను చూసిండ్రా? చెప్పులు మీరే తిప్పిండ్రా? నాకు వినబడాలనే అన్నరా? మూడు ప్రశ్నలూ నాలుక చివర వరసగా నిలబడ్డాయి. అడిగితే ఏమవుతుందో కూడా కనబడింది. బకెట్ కింద పెడతాడు. తడి చేతులతో జేబులు తడుముకుంటాడు.

"ఆ సినిమాల," అన్నాను, "ఆయన రెండు కప్పులు కడిగిండు."

నీళ్లు పోసే చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"రెండా?"

"ఐదో రోజు. గట్టు మీద బోర్లిచ్చి ఉండె. అంతమంది చూసిండ్రు, ఒక్కరు గూడ చెప్పలే."

బకెట్‌లో మిగిలిన నీళ్లు కూలరులో ఒంపాడు. "నేను ఒకటే చూసిన," అన్నాడు. తర్వాత, "ఆ రెండోది ఎవరికోసం ప్రభా?" అన్నాడు.

నాకు తెలియని సంగతి ఉందని ఆ ఇంట్లో నేను ఒప్పుకున్నది తక్కువ.

"ఏమో," అన్నాను. "నాకు తెల్వది."

నువ్వెప్పుడు చూసినవని ఆయన అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఇంకో బకెట్ తెచ్చి నేను కూడా పోశాను. కూలరు నిండేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నిండేకొద్దీ చప్పుడు మారుతుందని ఆయన చెప్పింది నిజమే.